సీనియర్ గారి నల్ల అట్ట పుస్తకం: ఒక స్మారక ట్రస్టు కేస్ స్టడీ

మా సీనియర్ గారి పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. గంట తిరిగేసరికి నా ముందు నాలుగు ప్రతిపాదనలున్నాయి. కోర్టు సెంటర్లో కాంస్య విగ్రహం పెట్టాలని అబ్బాయి గారు అన్నారు. యూనివర్సిటీలో నాన్నగారి పేరున గోల్డ్ మెడల్ పెట్టాలని అమ్మాయి గారు. స్మారక సంచిక వెయ్యాలని బార్ అసోసియేషన్ పెద్దలు. ఆయన చదువుకున్న స్కూల్లో ఒక గది కట్టించి పేరు రాయిద్దామని పాత మిత్రులు. ఆయన భార్య, మా అమ్మగారు, మాత్రం ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్తూ, "ముందు ఆయన ఏం చేశారో కనుక్కోండమ్మా, తర్వాత చూద్దాం" అని నాతో అన్నారు.

నేను జిల్లా కోర్టులో సివిల్ ప్రాక్టీసు చేస్తాను. ట్రస్టు డీడ్లు, సొసైటీ రిజిస్ట్రేషన్లు, వీలునామాలు నా పనిలో పెద్ద భాగం. ఈ కేసులో పార్టీ, అంటే కక్షిదారు, నా సీనియర్ గారి కుటుంబమే. ఆయన దగ్గర తొమ్మిదేళ్లు జూనియర్‌గా ఉన్నాను కాబట్టి పరాయిదానిలా రాయడం నా వల్ల కాదు. పేర్లు, ఊరు చెప్పడం లేదు. ఆయన సాయం చేసినవాళ్ల పేర్లు ఎక్కడా బయటికి రానివ్వలేదు. ఆయన పేరు చెబితే వాళ్లలో కొందరిని పోల్చుకునే వీలుంటుంది.

స్మారకం కంటే ముందు చెయ్యాల్సిన పని

లాయరు పోయినప్పుడు సంతాప సభ హడావిడిలో అందరూ మర్చిపోయే విషయం ఒకటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 రూల్ 4 ప్రకారం ప్లీడరు చనిపోతే ఆయన వకాలత్ అక్కడితో ముగుస్తుంది. ఆ ఆఫీసును నమ్ముకున్న ప్రతి పార్టీ మరుసటి వాయిదాకు లాయరు లేకుండా నిలబడాల్సి వస్తుంది. అందుకని మొదటి మూడు వారాలు స్మారకం మాట ఎత్తలేదు. డైరీ ముందు పెట్టుకుని, వాయిదా దగ్గర పడిన కేసులు ముందుగా, ప్రతి పార్టీకీ ఫోన్ చేశాం. కేసు కాగితాల కట్ట ఎవరికి అప్పగించాలో వాళ్లనే అడిగాం. జూనియర్లలో ఎవరికైనా ఇస్తామంటే కొత్త వకాలత్, వేరే లాయరు దగ్గరికి వెళ్తామంటే సంతకం తీసుకుని కట్ట చేతికి. ఆ మూడు వారాల్లో ఒక్క కేసు కూడా గైర్హాజరీ మీద పోలేదు. ఆయనకు మేం చేసిన మొదటి సన్మానం ఇదేనని నా నమ్మకం.

కట్టలు సర్దుతుంటే ఇంకో సమస్య ఎదురైంది. స్మారక సంచిక కోసం ఆయన గెలిచిన పెద్ద కేసుల కథలు రాయించాలని బార్‌లో కొందరికి ఉత్సాహం. కానీ లాయరుకు క్లయింటు చెప్పుకున్న మాట కేసు అయిపోయినా రహస్యమే. పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 126 చెప్పిన ఈ సంగతినే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 132 చెబుతుంది. గోప్యత క్లయింటు హక్కు. లాయరు పోయాడని దాన్ని ఆఫీసు వాళ్లు పంచిపెట్టకూడదు. కాబట్టి సంచికలోకి తీర్పుల్లో ఉన్నదే వెళ్లింది, కట్టల్లో ఉన్నది వెళ్లలేదు. ఒక మంచి కుటుంబ కథ పోయిందని సంపాదకుడు బాధపడ్డాడు. నాకు బాధ లేదు.

నాలుగు ప్రతిపాదనలు

విగ్రహం మాట ముందు తేల్చాను. ప్రభుత్వ రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు తర్వాత కూడా కూడళ్లలో విగ్రహాలు లేచాయి, అది అందరం చూస్తున్నదే. కానీ యాభై ఏళ్లు కోర్టు ఉత్తర్వును శిరసావహించిన మనిషి విగ్రహం కోర్టు ఉత్తర్వుకు వ్యతిరేకంగా కోర్టు ఎదురుగానే నిలబడితే ఎలా? అబ్బాయి గారికి ఉత్తర్వు కాపీ చదివి వినిపించాను. చాలాసేపు మౌనంగా ఉండి, "నాన్న ఒప్పుకోరు" అన్నారు. ఆ విషయం అక్కడితో ఆగింది.

గోల్డ్ మెడల్ చెడ్డ ఆలోచన కాదు. యూనివర్సిటీలో ఒకసారి డబ్బు డిపాజిట్ చేస్తే వడ్డీతో ఏటా ఒక పతకం ఇస్తారు, పేరు శాశ్వతంగా ఉంటుంది, కుటుంబానికి నిర్వహణ బాధ్యత ఉండదు. కానీ అందేది అప్పటికే మొదటి స్థానంలో ఉన్న ఒక్కరికి. ఆయన జీవితంలో ఫస్ట్ ర్యాంకు వాళ్ల వెంట తిరగడం నేనెప్పుడూ చూడలేదు. స్కూల్లో గది గురించి ఎక్కువ చర్చ జరగలేదు, ఎందుకంటే ఆ స్కూల్లో అప్పటికే గదులకు కొరత లేదు.

మన దగ్గర లాయర్లు తమ పేరు నిలబెట్టుకున్న పద్ధతి వేరు అని ఆ రోజుల్లో పదే పదే గుర్తొచ్చేది. మాడపాటి హనుమంతరావు గారు వకీలు. 1928లో హైదరాబాదులో తెలుగు ఆడపిల్లలకు బడి పెట్టారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు బారిస్టరు. 1922లో గుంటూరులో శారదా నికేతనం తెరిచారు. వకీలు అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేరు బెజవాడ రామమోహన గ్రంథాలయంతో ముడిపడి ఉంది. మా సీనియర్ గారు అంతటివారని చెప్పడం లేదు. వాళ్ల దారినే తన ఊళ్లో, తన శక్తికి తగ్గట్టు నడిచారు. వాళ్లలో ప్రతి ఒక్కరినీ ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఈయన బడి పెట్టారు, ఈయన గ్రంథాలయం నిలబెట్టారు అని. మా సీనియర్ గారి గురించి ఆ ఒక్క ముక్క ఏమిటో మాలో ఎవరికీ స్పష్టంగా తెలీదు. "చాలామందికి సాయం చేశారు" అని అందరూ అంటారు. ఏ సాయం, ఎవరికి, ఎప్పుడు అని అడిగితే మాట ఆగిపోయేది.

గుమాస్తా గారు తీసిన పుస్తకం

తెలిసిన మనిషి ఒక్కరే, ఆయన గుమాస్తా. ముప్పై ఎనిమిదేళ్లు ఆ ఆఫీసులో పనిచేశారు, డెబ్బై దాటాయి. నేను బాబాయి గారూ అని పిలుస్తాను. ఒక సాయంత్రం బీరువా కింది అర తాళం తీసి, పొడుగాటి నల్ల అట్ట పద్దు పుస్తకం నా చేతిలో పెట్టారు. అలాంటివి ఆరు ఉన్నాయి.

ప్రతి పేజీలో నాలుగు గళ్లు. తేదీ, ఇంటిపేరులో మొదటి అక్షరం, మొత్తం, చివర్లో రెండు మూడు పొడి అక్షరాలు. "ప.ఫీ" అంటే పరీక్ష ఫీజు. "హా.టి" అంటే బాకీ తీర్చి హాల్ టికెట్ విడిపించడం. "స.కా" అంటే సర్టిఫికెట్ కాగితం. మొత్తాలన్నీ చిన్నవి. ఎవరి చదువునూ పూర్తిగా చెప్పించిన ఖర్చు ఎక్కడా లేదు. నాకు మొదట కాస్త నిరాశ కలిగింది, ఒప్పుకుంటాను. ఇంత పేరున్న మనిషి ఇచ్చింది ఇంతేనా అనిపించింది.

రెండోసారి తేదీలు చూసుకుంటూ చదివాను. ఏడాదంతా సమానంగా లేవు. కొన్ని వారాల్లో పేజీ నిండా ఉన్నాయి, మధ్యలో నెలల తరబడి ఖాళీ. ఆ వారాలేమిటని అడిగితే బాబాయి గారు ఆశ్చర్యంగా చూశారు. "లాస్ట్ డేట్లమ్మా. ఇంకేముంటాయి?"

తర్వాత ఆయన చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను. "అసలేమీ లేనివాళ్లు మన దాకా రారు. వచ్చేవాళ్లకు డబ్బు వస్తుంది, కాకపోతే ఆ రోజుకు రాదు. కూలి శనివారం చేతికొస్తుంది, గడువు గురువారంతో అయిపోతుంది. ఆ రెండు రోజులే మన పని. దాటితే ఫైన్ పడుతుంది. ఫైన్‌తో కలిపి అసలు కట్టలేరు. ఆ ఏడాది పోతుంది. ఏడాది పోయిన ఆడపిల్ల మళ్లీ కాలేజీ మొహం చూడదు."

పరీక్ష ఫీజుల గడువులు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అపరాధ రుసుము లేకుండా ఒక తేదీ, తర్వాత తేదీ మారిన కొద్దీ రుసుము పెరుగుతుంది. చేతిలో డబ్బు లేనివాడికే కట్టాల్సింది పెరుగుతూ పోతుంది. సీనియర్ గారు ఆ మెట్టు దగ్గర నిలబడ్డారు. పెద్ద మొత్తం అక్కర్లేదు, సరైన రోజున ఉంటే చాలు.

తిరిగి ఇచ్చిన డబ్బుకు పుస్తకంలో గడి లేదు. ఇచ్చేవాళ్లు ఉండేవారట, ఆ డబ్బు మళ్లీ ఈ సాయం డబ్బు ఉంచే డబ్బాలోనే పడేదట. ఎవరు ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు అన్నది రాయొద్దని ఆయనే చెప్పారట.

"స.కా" సంగతి ఇంకా లోతైనది. ఫీజు బాకీ ఉందని, లేదా ప్రభుత్వం నుంచి రావాల్సిన రీయింబర్స్‌మెంట్ రాలేదని, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేసే కాలేజీలు ఉన్నాయి. ఉద్యోగం ఇంటర్వ్యూ రేపు ఉంటే ఆ పిల్లాడి పరిస్థితి ఊహించండి. ఒరిజినల్స్ సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి, దగ్గర పెట్టుకోకూడదు అని యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. అంతకు ముందు నుంచీ సీనియర్ గారు ఆ పిల్లల తరఫున ఒక పేజీ ఉత్తరం తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చేవారు. బెదిరింపు ఉండదు. గౌరవంగా, విషయం మాత్రమే. 2018 తర్వాత ఆ నోటిఫికేషన్ ప్రస్తావన చేర్చారు. కాపీలన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి. చాలా ఉత్తరాల మీద "ముట్టింది" అని పిల్లల సంతకం.

మూడోది గ్రంథాలయం. మన గ్రంథాలయాల చట్టం 1960 నాటిది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. వసూలు చేసిన స్థానిక సంస్థ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. జమ అయిందా లేదా అని ఆయన ఏటా సమాచార హక్కు దరఖాస్తు పెట్టేవారు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు. ఊరి గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాలు కొత్తవి వస్తుండడం వెనక ఈ కాగితాల పోరు ఉందని అక్కడ చదువుకునే పిల్లలకు తెలీదు.

ఇప్పుడు ఒక్క ముక్కలో చెప్పగలిగాం. ఆయన గడువు దాటకుండా చూసిన మనిషి. అమ్మగారికి పుస్తకాలు చూపించాను. ఒక్కో పేజీ మెల్లగా తిప్పి, "నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు" అన్నారు. కాసేపటికి, "విగ్రహం డబ్బు దీనికి పెట్టండి" అన్నారు.

డీడ్ రాయడం

ముందు ఏ రూపంలో పెట్టాలన్న ప్రశ్న. సొసైటీ అయితే 2001 చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, ఎన్నికలుంటాయి, సభ్యులు ఓటేసి ఆశయాల్ని మార్చుకోవచ్చు. ఈ పనికి అది సరిపోదనుకున్నాను. పదేళ్ల తర్వాత ఎవరో ఒకరు ప్రతిభా పురస్కారాలే మేలంటారు, చేతులెత్తి మార్చేస్తారు. ఆశయం కదలకుండా ఉండాలంటే పబ్లిక్ చారిటబుల్ ట్రస్టే మేలు. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ ప్రైవేటు ట్రస్టులకే. పబ్లిక్ ధర్మ ట్రస్టులు దాని పరిధిలోకి రావు, అందులోని సూత్రాల్ని మాత్రం కోర్టులు తీసుకుంటాయి. మన 1987 దేవాదాయ ధర్మాదాయ చట్టం గుళ్లకు మాత్రమే అనుకుంటారు చాలామంది. దాని పేరులోనే ధర్మ సంస్థలు కూడా ఉన్నాయి. ట్రస్టు పెట్టేవాళ్లు దాన్ని ఒకసారి చదువుకోవాలి.

స్థిరాస్తి లేని, కేవలం నగదుతో పెట్టే ట్రస్టుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించాం. బ్యాంకు ఖాతాకు, పాన్‌కు, ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్‌కు రిజిస్టరైన డీడ్ ఉంటే ప్రశ్నలు తగ్గుతాయి. ట్రస్టు పెట్టిన కర్త అమ్మగారు. కుటుంబం 10 లక్షలు, బార్ మిత్రులు 2 లక్షలు, మొత్తం 12 లక్షలు మూలధనం. ట్రస్టీలు ఆరుగురు: కుటుంబం నుంచి ఇద్దరు, బార్ నుంచి ఇద్దరు, రిటైరైన హెడ్మాస్టరు ఒకరు, ఆరోవారు గుమాస్తా గారు. ఆయన పేరు చదివినప్పుడు ఆయన చెయ్యి వణికింది. "నేనా అమ్మా?" అన్నారు. ఈ డీడ్‌లో నాకు అన్నిటికంటే సంతృప్తినిచ్చిన లైను అదే.

ఆశయాల క్లాజు నాలుగుసార్లు తిరగరాశాను. "విద్యాభివృద్ధికి పాటుపడుట" లాంటి మాటలు మొదటి డ్రాఫ్టులో ఉండేవి. వాటిని కొట్టేసి, "పరీక్ష ఫీజు, హాల్ టికెట్, సర్టిఫికెట్ల గడువుల లోపు విద్యార్థికి అందే సాయం" అని రాశాను. విశాలంగా రాసిన ఆశయం కింద ఏదైనా చెయ్యొచ్చు, అందుకే అసలు పని ఎప్పుడూ వెనక్కి పోతుంది. అయితే మరీ ఇరుకుగా రాస్తే, రేపు ప్రభుత్వం పరీక్ష ఫీజులే ఎత్తేస్తే ట్రస్టుకు పనే ఉండదు. అందుకని అలాంటి పరిస్థితి వస్తే దీనికి అత్యంత దగ్గరగా ఉన్న విద్యా సాయానికి డబ్బు మళ్లించాలి అని ఒక క్లాజు చేర్చాం. కుటుంబ సభ్యులకు, వాళ్ల బంధువులకు ట్రస్టు నుంచి ఏ లాభమూ ఉండకూడదు. ఇది పన్ను చట్టం కోరేది కూడా. ట్రస్టును రద్దు చేసుకునే హక్కు ఎవరికీ లేదు. ఇద్దరు ట్రస్టీలు ఫోన్లో ఒప్పుకుంటే అదే రోజు డబ్బు వెళ్లాలి, మిగతా నలుగురికి తర్వాత చెబుతారు. మీటింగు పెట్టి మంజూరు చేసే పద్ధతి ఉంటే ఈ ట్రస్టు మొదటి గడువు దగ్గరే ఓడిపోయేది.

ఫొటోల క్లాజు అమ్మగారు పెట్టించారు. సాయం తీసుకున్న విద్యార్థి ఫొటో, పేరు ఎక్కడా వెయ్యకూడదు, వేదిక మీదకు పిలవకూడదు.

డబ్బు లెక్క

12 లక్షల మీద ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 84,000. పన్ను మినహాయింపు తీసుకునే ట్రస్టు ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు చెయ్యాలి, అంటే 71,400. పెద్ద స్కాలర్‌షిప్పులకు ఇది చాలదు. పరీక్ష ఫీజులకు చాలా దూరం వస్తుంది. సీనియర్ గారి పద్ధతిలోని తెలివి నాకు ఈ లెక్క వేసినప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది.

1961 ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏబీ (ట్రస్టు ఆదాయానికి మినహాయింపు), 80జీ (దాతలకు మినహాయింపు) రిజిస్ట్రేషన్లు తీసుకున్నాం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి సెక్షన్ల నంబర్లు మారతాయి, మీ ఆడిటరును అడిగి చూసుకోండి. 80జీ ఉంటే దాతలకు పన్నులో కొంత కలిసొస్తుంది, అయితే 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు రాదు. దాతల వివరాలు ఏటా మే 31లోగా దాఖలు చేసి వాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వాలి. మూలధనానికి ఇచ్చే విరాళమైతే ఆ మాట దాత రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఉత్తరం లేక ఇబ్బంది పడిన ట్రస్టుల్ని చూశాను.

ఒక డబ్బును మాత్రం వెనక్కి పంపాల్సి వచ్చింది. ఒకప్పుడు సీనియర్ గారు పరీక్ష ఫీజు కట్టిన కుర్రాడు ఇప్పుడు అమెరికాలో స్థిరపడ్డాడు. విషయం తెలిసి పెద్ద మొత్తమే పంపాడు. మాట్లాడుతుంటే అక్కడి పౌరసత్వం తీసుకున్నానని చెప్పాడు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. వేరే దేశం పౌరుడైతే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) 2010 కింద అనుమతి కావాలి, మాకు లేదు. ఫోన్లో ఈ మాట చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది. అతను అర్థం చేసుకున్నాడు. ఊళ్లో ఉంటున్న వాళ్ల అక్కయ్య తర్వాత తన సొంత డబ్బులోంచి కొంత ఇచ్చింది.

మొదటి ఏడాది చేసిన పొరపాటు

ఇంత జాగ్రత్తగా డీడ్ రాసి కూడా మొదటి ఏడాది తప్పు చేశాం. అందులో నా బాధ్యత పెద్దది. మొదటి వర్ధంతి దగ్గరపడింది. ఏదో ఒకటి కనబడేలా చెయ్యాలని అందరిలో తొందర, టెన్షన్. ట్రస్టు గురించి ఊరికి తెలియాలి కదా అని నేనే అన్నాను. చుట్టుపక్కల కాలేజీల నుంచి మార్కుల జాబితాలు తెప్పించి, పదిమందిని ఎంపిక చేసి వర్ధంతి సభలో చెక్కులిచ్చాం. ఫొటోల క్లాజుకు అడ్డు రాకుండా వాళ్ల తల్లిదండ్రుల్ని వేదిక మీదకు పిలిచాం. డీడ్ అక్షరాన్ని కాపాడి అర్థాన్ని వదిలేశామని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ పదిమందిలో ఎక్కువమందికి ఫీజు అప్పటికే కట్టేసి ఉంది. సంతోషంగా తీసుకున్నారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. కానీ అదే నెలలో డిగ్రీ సెమిస్టర్ ఫీజు గడువు వచ్చి వెళ్లింది. గుమాస్తా గారు ఇద్దరు పిల్లలకు తన జేబులోంచి కట్టారు. ట్రస్టులో డబ్బు అయిపోయిందని, మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని, చెప్పలేదు. రెండు నెలల తర్వాత వేరే రసీదు వెతుకుతుంటే ఆ రెండు రసీదులు నా కంటపడ్డాయి.

"ఇదేంటి బాబాయి గారూ?" అన్నాను.

"అయ్యగారుంటే కట్టేవారు కదమ్మా" అన్నారు.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మరుసటి వారం ట్రస్టీలందర్నీ కూర్చోబెట్టి ఆ రెండు రసీదులూ బల్ల మీద పెట్టాను. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ డబ్బు బాబాయి గారు వెనక్కి తీసుకోనన్నారు. అమ్మగారు పిలిచి, "నా చేత్తో ఇస్తున్నా, తీసుకో" అంటే తీసుకున్నారు.

రెండో ఏడాది నుంచి

ఆఫీసు గోడకు ఒక పెద్ద క్యాలెండరు తగిలించాం. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ సెమిస్టర్లు, సప్లిమెంటరీ, అన్ని గడువులూ ఎర్ర సిరాతో. అపరాధ రుసుము మొదలయ్యే తేదీకి మూడు రోజుల ముందు కూడా ఒక గుర్తు. నోటిఫికేషన్ రాగానే మార్చే బాధ్యత హెడ్మాస్టరు గారిది. ఆ వారాల్లో రోజూ సాయంత్రం 5 నుంచి 7 దాకా బాబాయి గారు వరండాలో కూర్చుంటారు. దరఖాస్తు ఫారం లేదు. ఆదాయ ధ్రువపత్రం అడగం. నాకు మొదట భయమేసింది, అవసరం లేనివాళ్లు కూడా వస్తారేమోనని. గడువుకు ముందు రోజు సాయంత్రం పరీక్ష ఫీజు కోసం వరండా ఎక్కి నిలబడడమే పెద్ద ధ్రువపత్రం అని హెడ్మాస్టరు గారు అన్నారు. ఇప్పటిదాకా ఆయన మాటే నిజమైంది.

డబ్బు పిల్లల చేతికి ఇవ్వం. ఫీజు నేరుగా కట్టి రసీదు ఇస్తాం. ఆడిటుకు ఇది అవసరం, పిల్లలకూ ఇదే సులువు. పుస్తకంలో పాత పద్ధతిలోనే పొడి అక్షరాలు, పూర్తి వివరాలు తాళం వేసిన వేరే రిజిస్టరులో. ఇది అప్పు కాదు. అప్పు అన్నామంటే ఎవరో ఒకరు వాళ్లింటి గడప ఎక్కి అడగాలి, అది ఆయన చేసిన పనికి విరుద్ధం. తర్వాత ఎవరైనా తెచ్చిస్తే విరాళంగా రసీదు రాస్తాం.

సర్టిఫికెట్ ఉత్తరాలు కాస్త చిక్కు తెచ్చాయి. ఆయన లెటర్‌హెడ్ ఆయనతోనే పోయింది. ముగ్గురు జూనియర్లం వంతులవారీగా మా లెటర్‌హెడ్ల మీద రాస్తున్నాం. ఇక్కడ బార్ కౌన్సిల్ రూల్ 36 గుర్తుంచుకోవాలి, లాయరు కేసుల కోసం ప్రచారం చేసుకోకూడదు. ఉచిత ఉత్తరం రేపటి ఫీజు కేసుకు ఎర కాకూడదు. అందుకని మాలో మేం ఒక నియమం పెట్టుకున్నాం: ఉత్తరం రాసిన వాళ్లు ఆ కుటుంబం కేసు ఏదీ తీసుకోరు. కోర్టుకు వెళ్లాల్సి వస్తే న్యాయ సేవాధికార సంస్థకు పంపుతాం. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో పని లేకుండా 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 కింద ఉచిత న్యాయ సహాయానికి అర్హులు, 15100కు ఫోన్ చేసినా చాలు. యూజీసీ నోటిఫికేషన్ ఉన్నత విద్యకే కాబట్టి ఇంటర్ కాలేజీల విషయంలో అది పనికిరాదు. అక్కడ బోర్డు అధికారికి విడిగా దరఖాస్తు పెడతాం, ఆలస్యమవుతుంది. దీనికి ఇంకా మంచి దారి దొరకలేదు.

గ్రంథాలయ సెస్సు దరఖాస్తుకు డబ్బు అక్కర్లేదు, మనిషి కావాలి. ఏటా జూన్‌లో ఒక కొత్త జూనియర్ చేత పెట్టిస్తున్నాం. వాళ్లకు డ్రాఫ్టింగ్ నేర్చుకున్నట్టూ అవుతుంది.

వర్ధంతి సభ ఇప్పుడు చిన్నది. నవంబరు 9, జాతీయ న్యాయ సేవల దినం నాడు రెండు ప్రభుత్వ పాఠశాలలకు వెళ్లి తొమ్మిది, పది తరగతుల పిల్లలతో చట్టం గురించి మాట్లాడతాం. సర్టిఫికెట్ ఆపితే ఏం చెయ్యాలి అన్నది ప్రతిసారీ ఉంటుంది. స్మారక సంచిక బయటికొచ్చింది, చిత్రపటం బార్ హాల్లో పెట్టారు. రెండూ మంచి పనులే.

ఈ ఏడాది ఇంటర్ సప్లిమెంటరీ ఫీజుల సమయంలో బాబాయి గారికి కంటి ఆపరేషన్ అయింది. పది రోజులు రాలేదు. వరండాలో ఇంకో గుమాస్తాను కూర్చోబెట్టాం, అతను పనిమంతుడే. ముగ్గురు పిల్లలు వచ్చారు, ముగ్గురికీ కట్టాం. నాలుగో అమ్మాయి గేటు దాకా వచ్చి, తెలిసిన ముఖం కనబడక వెనక్కి వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. అపరాధ రుసుముతో కట్టించాం, పరీక్ష రాసింది. అయినా ఆ రుసుము మా లెక్కలో పడాల్సింది కాదు.

బాబాయి గారు తిరిగొచ్చాక ఈ సంగతి చెబితే, "ఆ పిల్ల వాళ్ల నాన్న మార్కెట్ యార్డులో హమాలీ అమ్మా, ఏటా గడువు ముందు రోజే వస్తుంది, గేటు దగ్గర నిలబడుతుంది, మనమే పిలవాలి" అన్నారు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు గడువు వారాల్లో ఆయన పక్కన ఇంకో కుర్చీ వేశాం. మా కొత్త జూనియర్ రోజూ రెండు గంటలు అక్కడ కూర్చుని, గేటు వైపు చూడడం నేర్చుకుంటోంది.